గోవాలో మొదటిసారి పారాసెయిలింగ్: ఎగరకముందే చేయాల్సిన పనులు

పారాసెయిలింగ్‌లో ఎగిరేవాళ్లకు రావాల్సిన విద్యంటూ ఏమీ లేదు. ఈత రాకపోయినా, సముద్రం చూడటం ఇదే మొదటిసారి అయినా, అరవై దాటినా ఎగరొచ్చు. పారాచూట్ లాంటి పెద్ద గొడుగుకు మిమ్మల్ని తగిలించి, పొడవాటి తాడుతో బోటు లాగుతుంది, గాలి లేపుతుంది, మీరు కూర్చుంటారు. పైకి వెళ్లాక ఎత్తు, వేగం, ఎప్పుడు దింపాలన్నది, అంతా బోటులో ఉన్నవాళ్ల చేతిలోనే ఉంటుంది. అందుకే మీరు చేయగలిగిన పనంతా ఎగరకముందే ఉంది. ఏ రోజు, ఏ గాలిలో, ఎవరి బోటులో అన్నది మీరే తేల్చుకోవాలి. ఏదైనా తేడాగా అనిపిస్తే వద్దని చెప్పి ఒడ్డుకు వచ్చేయగలగాలి. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది గోవాకే కాబట్టి అక్కడి సంగతులతోనే చెబుతాను.

రోజు ఎంచుకోవడం

గోవాలో అక్టోబర్ నుంచి మే వరకు సీజన్. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలంలో సముద్రం ఎగసిపడుతూ ఉంటుంది, వాటర్ స్పోర్ట్స్ ఆపేస్తారు. ఆ నెలల్లో ఎవరైనా 'మేం తీసుకెళ్తాం సార్' అంటే వాళ్ల వెంట వెళ్లకండి. సీజన్‌లోనూ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది, కానీ క్రిస్మస్, న్యూ ఇయర్ వారంలో జనం విపరీతం. బోటువాళ్లు మనిషి తర్వాత మనిషిని గబగబా ఎగరేసి దింపేస్తుంటారు. జాగ్రత్తలు తగ్గేది ఆ హడావిడిలోనే. సంక్రాంతి సెలవులు అయ్యాక, జనవరి చివర్లో వెళ్లగలిగితే హాయిగా ఉంటుంది.

పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కే కొద్దీ నేల వేడెక్కి, సముద్రం మీద నుంచి గాలి ఒడ్డు వైపు వీచడం మొదలవుతుంది. మధ్యాహ్నం దాటాక అది బాగా బలపడుతుంది. ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది, ఎండ కూడా మాడ్చేయదు.

మూడు రోజుల ట్రిప్ అయితే పారాసెయిలింగ్‌ని మొదటి పూర్తి రోజు ఉదయానికి పెట్టుకోండి. చాలామంది దీన్ని చివరి రోజుకు వదిలేస్తారు. సాయంత్రం వాస్కోలో రైలో, మోపాలో విమానమో ఉంటుంది. ఆ ఉదయం గాలి ఎక్కువగా ఉన్నా 'ఇంతదూరం వచ్చి ఎగరకుండా పోతామా' అని ఎక్కేస్తారు. ముందు రోజునే పెట్టుకుంటే, ఈ రోజు కుదరకపోయినా రేపు చూద్దాం అనుకోవచ్చు.

ఇక బీచ్ సంగతి. ఉత్తర గోవాలో 'బాగా' బీచ్, కలంగూట్, కాండోలిమ్‌లలో బోట్లు ఎక్కువ, రద్దీ ఎక్కువ. దక్షిణాన కోల్వా, బెనౌలిమ్ వైపు కాస్త తీరిగ్గా ఉంటుంది. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే దక్షిణ గోవాకే నా ఓటు.

గాలిని చూడటం

దీని మీద కాస్త సమయం పెట్టండి. పారాసెయిలింగ్‌లో జరిగే పెద్ద ప్రమాదాల వెనుక తరచుగా కనిపించేది గాలే.

గొడుగును పైకి లేపేది దాని మీదుగా పారే గాలి. బోటు గాలికి ఎదురుగా వెళ్తుంది కాబట్టి బోటు వేగం, గాలి వేగం రెండూ కలిసి గొడుగుకు తగులుతాయి. గాలి నెమ్మదిగా ఉంటే బోటు వేగం తగ్గించగానే గొడుగు నెమ్మదిగా కిందికి వస్తుంది. గాలే బలంగా ఉంటే బోటు ఆగిపోయినా గొడుగు దిగదు, పైగా బోటునే లాగడం మొదలుపెడుతుంది. 2022 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడా కీస్‌లో అదే జరిగింది. ఉన్నట్టుండి తుఫాను గాలి వచ్చింది, గొడుగు అదుపు తప్పింది, బోటు నడిపే వ్యక్తి తాడు కోసేశాడు. గొడుగు కింద ఉన్న తల్లిని, ఇద్దరు పిల్లలను గాలి ఈడ్చుకెళ్లి పాత వంతెనకు కొట్టింది. తల్లి చనిపోయింది.

అదే ఫ్లోరిడాలో 2014లో తెచ్చిన చట్టం ఒక మంచి కొలబద్ద ఇస్తుంది. గాలి నిలకడగా గంటకు సుమారు 32 కిలోమీటర్లు దాటినా, ఈదురు విసుర్లు (గస్ట్స్) 40 కిలోమీటర్లు దాటినా, 11 కిలోమీటర్ల లోపు మెరుపులు ఉన్నా పారాసెయిలింగ్ నడపకూడదు. ఇది గోవాలో చట్టం కాకపోయినా మీ సొంత నియమంగా పెట్టుకోండి. మొదటిసారి ఎగిరేవాళ్లయితే ఇంకా తక్కువ గాలికే ఆగిపోవడం మంచిది. ముందు రోజు రాత్రి ఫోన్‌లో ఏదైనా వాతావరణ యాప్ తెరిచి గంట గంటకూ గాలి ఎంత, విసుర్లు ఎంత అని చూడండి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎక్కువగా ఉంటే గాలి నిలకడగా లేదని అర్థం. వాతావరణ శాఖ హెచ్చరిక ఏదైనా ఉంటే ఆలోచించాల్సిన పనే లేదు, ఆ రోజు వద్దు.

బీచ్‌కి వెళ్లాక నీళ్ల వైపు చూడండి. దూరంగా సముద్రం మీద అక్కడక్కడా మాత్రమే తెల్ల నురగలు కనిపిస్తే గాలి గంటకు 20 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. ఎటు చూసినా నురగలే, తుంపర కూడా లేస్తోంది అంటే 30 దరిదాపుల్లో ఉంది. అప్పుడు వెళ్లొద్దు. ఒడ్డున లైఫ్‌గార్డులు పెట్టిన జెండాలు కూడా చూడండి. ఎర్ర జెండా ఈతగాళ్ల కోసం పెట్టిందే అయినా సముద్రం ఎలా ఉందో అది మీకూ చెబుతుంది. లైఫ్‌గార్డు దగ్గరికే వెళ్లి 'ఈ రోజు ఎలా ఉంది?' అని అడగండి. అతనికి మీ టికెట్‌తో సంబంధం లేదు కాబట్టి ఉన్నమాట చెబుతాడు.

ఒడ్డున నిలబడి రెండు మూడు గొడుగులు లేచి దిగేవరకు చూడటం కూడా చాలా ఉపయోగం. గొడుగు ఒకేచోట స్థిరంగా ఉందా, అటూ ఇటూ ఊగిపోతోందా? మనుషులను మెల్లగా దింపుతున్నారా, డెక్ మీదికి దభీమని లాగేస్తున్నారా? పది నిమిషాలు చూస్తే ఎవరి పని ఎలా ఉందో తెలిసిపోతుంది.

బోటు, తాడు

పారాసెయిలింగ్ రెండు రకాలు. ఒకదాంట్లో ఇసుక మీద నిలబడి ఉంటే బోటు లాగుతుంది, మీరు నాలుగడుగులు పరిగెత్తి గాల్లోకి లేస్తారు, మళ్లీ ఇసుక మీదే దిగుతారు. బాలిలోని తంజుంగ్ బెనోవాలో ఈ పద్ధతి ఎక్కువ. రెండోది విన్చ్ బోటు. బోటు వెనక చదునైన డెక్ ఉంటుంది, తాడు చుట్టిన పెద్ద డ్రమ్ము ఉంటుంది. డ్రమ్ము తిరుగుతూ తాడు వదిలితే మీరు పైకి వెళ్తారు, చుట్టుకుంటే మళ్లీ డెక్ మీదికి వస్తారు. మొదటిసారికి నేను విన్చ్ బోటే ఎంచుకోమంటాను. ఇసుక మీద దిగేటప్పుడు కాలు మడత పడొచ్చు, దగ్గర్లో చెట్లో, కరెంటు తీగలో, గుడిసెలో ఉంటే గాలి అటు తోసే ప్రమాదమూ ఉంది. గోవాలో ఇప్పుడు చాలాచోట్ల విన్చ్ బోట్లే నడుస్తున్నాయి.

గోవాలో బోట్లు కెప్టెన్ ఆఫ్ పోర్ట్స్ శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. బోటు పక్కన నంబరు రాసి ఉందో లేదో చూడండి. లైసెన్స్ చూపించమని అడగడానికి మొహమాటపడకండి. బోటు మీద కనీసం ఇద్దరు ఉండాలి: ఒకరు స్టీరింగ్ దగ్గర, ఇంకొకరు పూర్తిగా గొడుగు మీద, మీ మీద కన్నేసి. ఒక్కడే బండి నడుపుతూ వెనక్కి తిరిగి విన్చ్ కూడా తిప్పుతుంటే ఆ బోటు ఎక్కొద్దు.

తాడును దగ్గర నుంచి చూడండి. ఎండ, ఉప్పు నీరు, ఇసుక రేణువులు కలిసి తాడును లోపలి నుంచి తినేస్తాయి. ఎక్కువ అరిగేది గొడుగు కొక్కేనికి కట్టే చివరి కొన్ని అడుగులు. బాగా నడిపేవాళ్లు ఆ చివరను ఎప్పటికప్పుడు కోసేసి కొత్తగా కట్టుకుంటారు. చివర పోగులు లేచి దూదిలా ఉందా, రంగు వెలిసి గట్టిగా పెళుసుబారిందా అని చూడండి. తాడు మధ్యలో ముడి కనిపిస్తే, అంటే తెగినదాన్ని కలిపి కట్టి ఉంటే, వెనక్కి వచ్చేయండి. ముడి పడిన చోట ఏ తాడైనా చాలా బలం కోల్పోతుంది. 2021 నవంబర్‌లో డయ్యూలోని నాగోవా బీచ్‌లో ఒక జంట గాల్లో ఉండగా తాడు తెగింది. గొడుగు తెరుచుకునే ఉండటం, ఒంటి మీద లైఫ్ జాకెట్లు ఉండటంతో సముద్రంలో పడినా ఇద్దరూ బతికి బయటపడ్డారు.

డబ్బు మాట

ధర సీజన్‌ని బట్టి, బీచ్‌ని బట్టి, బేరాన్ని బట్టి మారుతుంది. మనిషికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా మొదలవుతుందని అనుకోండి. బనానా రైడ్, బంపర్ రైడ్, జెట్ స్కీ లాంటి నీటి ఆటలు కలిపి ప్యాకేజీ అంటారు. పారాసెయిలింగ్ ఒక్కదానికి ఎంతో విడిగా అడగండి. వీడియోకు, డిప్‌కు (మధ్యలో కిందికి తెచ్చి నీళ్లలో తడిపి లేపడానికి) వేరే డబ్బులా అన్నది కూడా ముందే తేల్చుకోండి. తాడు పొడవు చెప్పి ధర పెంచితే గుర్తుంచుకోండి, తాడు పొడవే ఎత్తు కాదు. తాడు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి 100 మీటర్ల తాడు వదిలితే మీరు 70 మీటర్ల ఎత్తులో ఉంటారు, ఒక్కోసారి ఇంకా తక్కువే.

మొత్తం ముందే కట్టేయకండి. డబ్బు కట్టేశాక వద్దనడానికి మనసు ఒప్పదు. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే గాలి వల్ల రద్దయితే డబ్బు తిరిగి ఇస్తారా అని చూసుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే అది ఇలాంటి సాహస క్రీడలకు వర్తిస్తుందా అని కూడా చదవండి, చాలా పాలసీల్లో ఇవి ఉండవు.

ఎవరు ఆగాలి

గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఫిట్స్ వచ్చేవాళ్లు, నడుము లేదా మెడ నొప్పికి చికిత్సలో ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు ఎగరకూడదు. బీపీ, షుగర్ ఉంటే ఇంటి దగ్గరే డాక్టరును అడిగి రండి. మీ బరువు ఉన్నదున్నట్టు చెప్పండి, సిగ్గుపడి తగ్గించి చెప్పొద్దు. గాలి తక్కువగా ఉన్నప్పుడు బరువైనవాళ్లు నీళ్లకు తగిలేంత కిందికి వచ్చేస్తారు, గాలి ఎక్కువగా ఉన్నప్పుడు బాగా తేలికైనవాళ్లను దింపడం కష్టమవుతుంది. అందుకే పిల్లలను ఒంటరిగా పంపకుండా పెద్దవాళ్లతో జతగా పంపాలి. భయపడి ఏడుస్తున్న పిల్లను బతిమాలి ఎక్కించకండి.

గోవా కదా అని ముందు రెండు బీర్లు తాగి వెళ్లడం అసలు పనికిరాదు. బోటువాళ్ల దగ్గర మందు వాసన వచ్చినా అంతే.

వెళ్లేముందు

రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తిని, గంట ఆగి వెళ్లండి. పైన కన్నా బోటులో వంతు కోసం ఎదురుచూసేటప్పుడే కడుపులో తిప్పుతుంది. బోటు ప్రయాణం పడనివాళ్లు డాక్టరును అడిగి మాత్ర వేసుకోవచ్చు. ఒంటికి పట్టి ఉండే బట్టలు, మోకాళ్ల దాకా షార్ట్స్ అయితే పట్టీలు తొడలకు ఒరుసుకోవు. చీర, చున్నీ, వదులు కుర్తా వద్దు. మెడలో గొలుసు, నల్లపూసలు, చెవులకు వేలాడే జుంకాలు రూమ్‌లోనే భద్రంగా పెట్టి రండి. పొడవాటి జడ ఉంటే ముడి వేసుకోండి లేదా జాకెట్ లోపలికి దోపుకోండి, ఎందుకంటే భుజాల దగ్గరే కొక్కేలు, పట్టీలు ఉంటాయి, జుట్టు అక్కడే చిక్కుకుంటుంది. కళ్లజోడుకు తాడు కట్టుకోండి. ఫోన్ ఒడ్డున ఉన్నవాళ్లకు ఇచ్చేయండి.

హిందీ రాకపోతే నాలుగు మాటలు నేర్చుకుని వెళ్లండి. 'రుకో' అంటే ఆగండి, 'కస్‌కే బాంధో' అంటే గట్టిగా కట్టండి, 'డిప్ నహీ చాహియే' అంటే నీళ్లలో ముంచొద్దు, 'నహీ జానా' అంటే నేను వెళ్లను. చివరిది అనడానికి సందేహించకండి.

ఒడ్డు నుంచి డెక్ దాకా

ఒడ్డున లోతు తక్కువ కాబట్టి సాధారణంగా చిన్న బోటులో తీసుకెళ్లి, లోపల ఆగి ఉన్న పెద్ద బోటులోకి ఎక్కిస్తారు. అలలు విరిగే చోటు దాటేటప్పుడే కుదుపు ఎక్కువ. లైఫ్ జాకెట్ ఇసుక మీదే వేసుకోండి, బోటు ఎక్కాక ఇస్తాం అంటే ఒప్పుకోవద్దు. 2024 డిసెంబర్ 25న కలంగూట్ దగ్గర పర్యాటకుల బోటు ఒకటి తిరగబడి ఒకరు చనిపోయారు, 20 మందిని కాపాడారు. అది పారాసెయిలింగ్ సమయంలో జరిగింది కాదు, ఒడ్డుకు దగ్గర్లోనే జరిగిన బోటు ప్రమాదం. బోటులో మనుషులు కిక్కిరిసి ఉంటే తర్వాతి ట్రిప్పుకు ఆగండి.

జాకెట్ సరిపోయిందో లేదో ఇలా చూడండి. బకిళ్లన్నీ పెట్టాక మీవాళ్లలో ఒకరిని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా వస్తే అది మీకు పెద్దది, మార్చమనండి.

తర్వాత హార్నెస్. నడుముకు ఒక పట్టీ, రెండు తొడలకు రెండు పట్టీలు ఉంటాయి, కొన్నిట్లో కూర్చోవడానికి వెడల్పాటి గుడ్డ ఉంటుంది. వేసేవాళ్లు రోజంతా అదే పని చేస్తుంటారు, చేతులు మెషిన్‌లా కదులుతాయి. వాళ్లు వేసి వెళ్లిపోయాక మీరు ఒక్కో పట్టీ మీద చెయ్యి పెట్టి చూసుకోండి. ఎడమ తొడ పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, అరచెయ్యి దూరకూడదు. కుడివైపు కూడా అలాగే. బకిల్ లోపలికి పూర్తిగా దిగి టక్కుమందా అని లాగి చూడండి. పట్టీ మెలిపడి ఉంటే సరిచేయమనండి, లేకపోతే పైన ఆ మెలికే తొడలో గుచ్చుకుంటుంది. చివరగా కొక్కేలు. మీ భుజాలకు రెండు పక్కలా ఉండే పట్టీలను అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీకి తగిలిస్తారు. కొక్కెం నోరు మూసుకుని ఉందా, దానికి మర ఉంటే బిగించి ఉందా చూడండి. ఇద్దరు కలిసి ఎగురుతుంటే ఒకరి కొక్కేలు ఒకరు చూసుకోండి. వెనక ఉన్నవాళ్లు విసుక్కున్నా, బోటువాళ్లు 'హో గయా సార్' (అయిపోయింది సార్) అన్నా పట్టించుకోవద్దు. దీనికి పట్టేది ఒక్క నిమిషం.

పైకి వెళ్లాక ఇంజిన్ మోతలో మీ కేక వినపడదు. కాబట్టి ఇప్పుడే సైగలు మాట్లాడుకోండి. బొటనవేలు పైకి పెడితే బాగుంది, రెండు చేతులూ తల పైన అడ్డంగా ఊపితే దింపేయండి అని చెప్పి, వాళ్లచేత ఒకసారి చేయించండి.

లేవడం, దిగడం

డెక్ మీద కాళ్లు చాపి కూర్చోమంటారు. మీరు ఎగరడానికి ప్రయత్నించకండి, గెంతకండి. గొడుగు గాలి నింపుకోగానే పట్టీలు బిగుసుకుంటాయి, రెండు క్షణాల్లో డెక్ మీ కింది నుంచి జారిపోతుంది. భుజాల దగ్గర పట్టీలు పట్టుకుని వెనక్కి ఆనుకోండి, ఉయ్యాల బల్ల మీద కూర్చున్నట్టే ఉంటుంది. టెన్షన్ అంతా ఆ మొదటి పది సెకన్లే. కాస్త పైకి వెళ్లాక ఇంజిన్ శబ్దం తగ్గిపోతుంది. కింద నీళ్లు ఒడ్డు దగ్గర మట్టి రంగులో, లోపలికి వెళ్లే కొద్దీ ఆకుపచ్చగా, ఆ తర్వాత నీలంగా మారడం గీత గీసినట్టు కనిపిస్తుంది. కళ్లు తిరుగుతున్నట్టుంటే కిందికి చూడటం మానేసి దూరంగా ఆకాశం, సముద్రం కలిసే చోట చూపు నిలపండి. ఊపిరి బిగపట్టకండి. కొక్కేలను, బకిళ్లను ముట్టుకోకండి. ఉండేది కొద్ది నిమిషాలే కాబట్టి వీడియో పని బోటువాళ్లకు వదిలేసి మీరు చూడండి.

డిప్ అంటే మిమ్మల్ని కిందికి తెచ్చి కాళ్లో, నడుమో నీళ్లలో తడిపి మళ్లీ లేపడం. సముద్రం నెమ్మదిగా ఉంటే సరదాగా ఉంటుంది. అలలు ఉంటే మాత్రం వద్దనండి, మొహం మీద నీళ్లు కొట్టి ఉక్కిరిబిక్కిరి అవుతారు.

దిగేటప్పుడు గబుక్కున కాళ్లు కిందికి చాపి నిలబడాలనిపిస్తుంది. డెక్ కదులుతూ ఉంటుంది, కాబట్టి కాళ్లు కాస్త ముందుకు ఎత్తి కూర్చునే దిగండి. మోకాళ్లు బిగపట్టొద్దు. బోటు మనిషి వచ్చి మిమ్మల్ని పట్టుకుని కొక్కేలు విప్పేదాకా లేవకండి.

ఏదైనా జరిగి సముద్రంలో దిగాల్సి వస్తే, గాల్లో ఉండగా ఏ కొక్కెమూ విప్పొద్దు. గొడుగు తెరిచే ఉంటుంది కాబట్టి నెమ్మదిగానే దిగుతారు. కాళ్లు ముందు నీళ్లకు తగిలేలా ఉండండి, ఊపిరి తీసుకోండి. నీళ్లలో పడ్డాక వెల్లకిలా తేలండి, జాకెట్ మిమ్మల్ని మోస్తుంది. గొడుగు తాళ్లు మీద పడితే చేతితో పక్కకు తోయండి, వాటిలో చిక్కుకునేలా కాళ్లు ఆడించకండి. హార్నెస్‌ను నీళ్లలో ఎలా విప్పాలో ఎగరకముందే చూపించమనండి. చూపించలేనివాళ్ల బోటులో ఎగరొద్దు.

ఒడ్డుకు వచ్చాక వీడియోకు డబ్బు కట్టి ఉంటే అది మీ ఫోన్‌లోకి వచ్చి, తెరుచుకునే దాకా అక్కడి నుంచి కదలకండి. మంచినీళ్లు తాగండి. తొడల దగ్గర పట్టీ ఒరుసుకున్న చోట ఉప్పు నీరు మండుతుంది, మంచినీళ్లతో కడిగి కాస్త కొబ్బరినూనె రాయండి. ప్యాకేజీలో బనానా రైడ్ కూడా ఉంటే అరగంట కూర్చుని, ఆ తర్వాత వెళ్లండి. అందులో కావాలనే నీళ్లలో పడేస్తారు, ఈత రానివాళ్లు ముందే చెప్పేయాలి.